విండోస్ ఇన్‌స్టాల్ చేస్తుంటే హార్డ్ డిస్క్ కనిపించడం లేదా? ముందు బయోస్ చూడండి

పెన్‌డ్రైవ్ తయారు చేసుకున్నారు, బూట్ చేశారు, భాష, కీబోర్డు, ఎడిషన్ అన్నీ దాటి వచ్చారు. తీరా విండోస్‌ను ఏ డిస్క్‌లో వేయాలో అడిగే స్క్రీన్ దగ్గర జాబితా ఖాళీగా ఉంది. డ్రైవ్‌లేవీ దొరకలేదు, స్టోరేజ్ డ్రైవర్ కోసం 'లోడ్ డ్రైవర్' నొక్కండి అని కింద ఒక చిన్న వాక్యం మాత్రం ఉంటుంది. చాలామందికి ఇక్కడే టెన్షన్ మొదలవుతుంది. డిస్క్ పోయిందని, డేటా పోయిందని, వారంటీ ఉందో లేదో అని కంగారు పడతారు. ఆ కంగారులో షాపుకు పరిగెడితే బాగానే ఉన్న ఎస్ఎస్‌డీని తీసేసి కొత్తది అంటగట్టేవాళ్లూ ఉన్నారు.

2021 తర్వాత వచ్చిన ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఈ స్క్రీన్ కనబడితే, డిస్క్ చెడిపోయిందని అనుకునే ముందు డ్రైవర్ (డిస్క్‌ను విండోస్ గుర్తుపట్టడానికి కావలసిన చిన్న సాఫ్ట్‌వేర్) లేదేమో అని అనుమానించాలి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు సపోర్ట్ ముగిసింది. అందుకని సొంతంగా విండోస్ 11 వేసుకుందామని కూర్చున్నవాళ్లు, ఓఎస్ లేకుండా అమ్మే ల్యాప్‌టాప్ కాస్త తక్కువకు వస్తుందని కొన్న విద్యార్థులు దీనికి తరచుగా దొరికిపోతున్నారు. కింద చెప్పిన వరుసలో వెళ్తే ఎక్కువ సందర్భాల్లో స్క్రూడ్రైవర్ పట్టుకునే అవసరమే రాదు.

ఏదీ ముట్టుకోకముందు

ఆ డిస్క్‌లో మీకు కావలసిన ఫోటోలు, ప్రాజెక్టు ఫైళ్లు ఉన్నాయా? ఉంటే, వాటి కాపీ ఇంకోచోట ఉందని ఖాయం చేసుకునేదాకా ఫార్మాట్, డిలీట్, క్లీన్ అనే మాటల జోలికి వెళ్లకండి. పాత విండోస్ ఇంకా తెరుచుకుంటుంటే ఇప్పుడే ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ చేసేయండి.

రెండోది బిట్‌లాకర్, అంటే డిస్క్‌కు తాళం వేసే విండోస్ ఏర్పాటు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయిన విండోస్ 11లో చాలా ల్యాప్‌టాప్‌లు మీకు చెప్పకుండానే డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచుతాయి. మనం బయోస్‌లో (విండోస్ కంటే ముందే తెరుచుకునే, కంప్యూటర్ సొంత సెట్టింగ్స్ మెనూలో) ఏదైనా మార్చి మళ్లీ ఆన్ చేస్తే, నీలం స్క్రీన్ మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో డివైజెస్ విభాగంలో ఉంటుంది. ఫోన్‌లో లాగిన్ అయి, కీని కాగితం మీద రాసి పెట్టుకోండి. ఈ పని ముందే చేసి ఉంచుకోకపోవడం వల్ల డేటా పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

బయోస్‌కు డిస్క్ కనిపిస్తోందా?

మొత్తం వ్యవహారం ఈ ఒక్క ప్రశ్న దగ్గర రెండు దారులుగా చీలిపోతుంది. బయోస్‌లో డిస్క్ పేరు కనిపిస్తే సమస్య డ్రైవర్‌తోనో సెట్టింగ్‌తోనో ఉన్నట్టు. అక్కడ కూడా లేకపోతే కనెక్షన్‌తోనో డిస్క్‌తోనో ఉన్నట్టు. ఇది తేల్చుకోకుండా డ్రైవర్ల కోసం వెతికినా, కేబుళ్లు మార్చినా శ్రమ వృథా.

ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆపేసి, ఆన్ చేసిన వెంటనే బయోస్ కీని పదేపదే నొక్కండి. డెల్, ఏసర్, ఏసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎఫ్2. హెచ్‌పీలో ఎఫ్10. లెనోవోలో ఎఫ్2, థింక్‌ప్యాడ్ అయితే ఎఫ్1. ఇంట్లో అసెంబుల్ చేసిన డెస్క్‌టాప్‌కు ఎక్కువగా డిలీట్ కీ పనిచేస్తుంది. లోపలికి వెళ్లాక మెయిన్, ఇన్ఫర్మేషన్, స్టోరేజ్ అనే పేజీల్లో వెతకండి. డిస్క్ మోడల్ నంబరు, 512 జీబీ లాంటి సైజు కనబడాలి.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. వాళ్లు నేరుగా బూట్ పేజీకి వెళ్లి, అక్కడ డిస్క్ పేరు లేదు కాబట్టి బయోస్ కూడా దాన్ని గుర్తించలేదని తేల్చేస్తారు. కొత్త ఖాళీ ఎస్ఎస్‌డీలో బూట్ అవడానికి ఇంకా ఏమీ లేదు, అందుకే చాలా మెషీన్లలో బూట్ జాబితాలోకి రాదు. అందులో లేకపోవడం తప్పేమీ కాదు. చూడాల్సింది సమాచారం ఇచ్చే పేజీని.

కొన్ని హెచ్‌పీ మోడళ్లలో బయోస్ చాలా పొడిపొడిగా ఉంటుంది, డిస్క్ వివరాలు అంతగా చూపించదు. అలాంటప్పుడు ఆన్ చేస్తూ ఎఫ్2 నొక్కితే హార్డ్‌వేర్ డయాగ్నస్టిక్స్ తెరుచుకుంటుంది. అందులో స్టోరేజ్ టెస్ట్ నడపండి. డెల్‌లో ఎఫ్12 మెనూలో డయాగ్నస్టిక్స్ ఉంటుంది. డిస్క్ దొరికి టెస్ట్ పాసయితే సగం బెంగ తీరినట్టే.

బయోస్‌లో ఉంది, సెటప్‌లో లేదు: ఎందుకిలా?

ఇంటెల్ 11వ జనరేషన్ ప్రాసెసర్ల నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే ఏర్పాటు ఆన్ చేసి వస్తోంది. పూర్తి పేరు వాల్యూమ్ మేనేజ్‌మెంట్ డివైజ్. ఇది ఉన్నప్పుడు ఎన్‌వీఎంఈ (కొత్త, వేగమైన రకం) ఎస్ఎస్‌డీ నేరుగా ఆపరేటింగ్ సిస్టమ్‌కు కనిపించదు, వీఎండీ కంట్రోలర్ వెనకాల ఉంటుంది. విండోస్ సెటప్‌కు మామూలు ఎన్‌వీఎంఈ డ్రైవర్ సొంతంగా ఉంది, సాటా (పాత రకం కనెక్షన్) డిస్క్‌ల కోసం ఏహెచ్‌సీఐ అనే మామూలు డ్రైవర్ కూడా ఉంది. వీఎండీ కంట్రోలర్‌కు కావలసిన ఇంటెల్ డ్రైవర్ మాత్రం మనం తయారు చేసుకున్న పెన్‌డ్రైవ్‌లో సాధారణంగా ఉండదు. కంట్రోలర్‌తో మాట్లాడలేనప్పుడు దాని వెనకున్న డిస్క్ దానికి లేనట్టే.

కంపెనీ నుంచి విండోస్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌లో ఈ డ్రైవర్ ముందే వేసి ఉంటుంది. అందుకే ఏళ్ల తరబడి వాడినా ఈ పేరు మనకు వినపడదు. శుభ్రంగా మళ్లీ ఇన్‌స్టాల్ చేసిన రోజునే బయటపడుతుంది.

ఇది కొత్త బాధేమీ కాదు. విండోస్ ఎక్స్‌పీ కాలంలో సాటా డిస్క్‌లు కొత్తగా వచ్చినప్పుడు కూడా సెటప్ మొదట్లో ఎఫ్6 నొక్కి, ఫ్లాపీలో డ్రైవర్ ఇవ్వాల్సి వచ్చేది. ఇంటెల్ ఇప్పటికీ ఈ డ్రైవర్ ఫోల్డర్లకు ఎఫ్6 అనే అక్షరాలతో మొదలయ్యే పేరు పెడుతోంది. డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లలో అలాంటి ఫోల్డర్ కనబడితే మీకు కావలసింది అదే.

దీనికి రెండు పరిష్కారాలు: డ్రైవర్ ఇవ్వడం, లేదా బయోస్‌లో వీఎండీ ఆపేయడం. నేను డ్రైవర్ దారినే ముందు చెబుతాను. కారణం ఉంది. వీఎండీ ఆపి విండోస్ వేశారనుకోండి, తర్వాత ఎప్పుడో బయోస్ అప్‌డేట్‌తోనో, సర్వీస్ సెంటర్‌లో సెట్టింగ్స్ రీసెట్ చేయడంతోనో అది మళ్లీ ఆన్ అయితే విండోస్ బూట్ కాదు. అప్పుడు కారణం ఎవరికీ గుర్తుండదు. డ్రైవర్ వేసుకుంటే ఈ బెడద లేదు.

డ్రైవర్ ఇచ్చే పద్ధతి

దీనికి పనిచేసే ఇంకో కంప్యూటర్ కావాలి. స్నేహితుడిదైనా, కాలేజీ ల్యాబ్‌లోదైనా సరే.

1. మీ ప్రాసెసర్ ఏ జనరేషనో చూడండి. కీబోర్డు పక్కన ఉన్న స్టిక్కర్ మీద సాధారణంగా కోర్ ఐ5 అని మాత్రమే ఉంటుంది, పూర్తి నంబరు బయోస్ మొదటి పేజీలో దొరుకుతుంది. ఐ5 తర్వాత గీతకు అటు పక్కన ఉన్న మొదటి రెండు అంకెలు జనరేషన్: 1135జీ7 అంటే 11వది, 12450హెచ్ అంటే 12వది, 13420హెచ్ అంటే 13వది.

2. మీ ల్యాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ వెబ్‌సైట్‌లో సీరియల్ నంబరు ఇచ్చి, డ్రైవర్లలో స్టోరేజ్ విభాగం తెరవండి. ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీ డ్రైవర్ అక్కడ ఉంటుంది. అందరూ దాన్ని ఆర్ఎస్‌టీ అంటారు. కంపెనీ సైట్‌లో దొరకకపోతే ఇంటెల్ డౌన్‌లోడ్ సెంటర్‌లో అదే పేరుతో వెతకండి. అక్కడ ఒక్కో వెర్షన్ కొన్ని జనరేషన్లకే పనిచేస్తుంది, ఏవేవో పేజీ శీర్షికలోనే రాసి ఉంటుంది. మీ జనరేషన్ ఉన్నదే తీసుకోండి. అన్నిటికన్నా కొత్తది అయితే మంచిదేమో అనుకోకండి. కొత్త వెర్షన్లలో పాత ప్రాసెసర్లను వదిలేస్తుంటారు. ఊరూపేరూ లేని డ్రైవర్ సైట్ల జోలికి అసలు పోవద్దు.

3. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. దిగిన ఫైలు జిప్ అయితే విప్పితే చాలు. ఈఎక్స్‌ఈ అయితే మాత్రం దాన్ని అలాగే పెన్‌డ్రైవ్‌లో పెడితే లాభం లేదు, విండోస్ సెటప్ దాన్ని డ్రైవర్‌గా చదవలేదు. లోపలి ఫైళ్లను బయటికి తీయాలి. డెల్ ఫైలును డబుల్ క్లిక్ చేస్తే ఎక్స్‌ట్రాక్ట్ అనే బటన్ వస్తుంది. హెచ్‌పీ ఫైలును నడిపితే సీ డ్రైవ్‌లో ఎస్‌డబ్ల్యూ సెటప్ అనే ఫోల్డర్‌లోకి ఫైళ్లు విప్పుకుంటాయి, ఇన్‌స్టాల్ చేయకుండా కాన్సిల్ చేసేయండి. సెవెన్‌జిప్ (ఫైళ్లను విప్పే ఉచిత సాఫ్ట్‌వేర్) ఉంటే దానితో నేరుగా తెరిచి చూడొచ్చు. ఇంటెల్ సొంత సెటప్ ఫైలుకైతే కమాండ్ ప్రాంప్ట్‌లో ఫైలు పేరు తర్వాత ఒక ఖాళీ, హైఫన్, ఆ హైఫన్‌కు అంటించి ఎక్స్‌ట్రాక్ట్‌డ్రైవర్స్ అని ఒకే మాటగా, మళ్లీ ఖాళీ, చివర ఫోల్డర్ దారి టైప్ చేయాలి.

4. బయటికి తీసిన వాటిలో వీఎండీ అనే పేరున్న ఫోల్డర్ వెతకండి. అందులో ఐఎన్ఎఫ్, ఎస్‌వైఎస్, సీఏటీ అనే మూడు రకాల ఫైళ్లు ఉండాలి. ఐఎన్ఎఫ్ లేకపోతే అది తప్పు ఫోల్డర్. సరైన ఫోల్డర్ మొత్తాన్ని మీ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. వేరే పెన్‌డ్రైవ్ అక్కర్లేదు, ఉన్నదాంట్లోనే పెట్టొచ్చు.

అదే చేత్తో మీ ల్యాప్‌టాప్ వైఫై డ్రైవర్‌ను కూడా విప్పి పక్కనే పెట్టుకోండి. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

5. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి ఆ ఖాళీ జాబితా దాకా మళ్లీ రండి. లోడ్ డ్రైవర్ నొక్కి, బ్రౌజ్ నొక్కండి. ఇప్పుడు వచ్చే చిన్న కిటికీలో డ్రైవ్‌ల పేర్లు మీరు రోజూ చూసే వరుసలో ఉండవు. బూట్ అని రాసి ఉండే ఎక్స్ డ్రైవ్ సెటప్ తన కోసం మెమరీలో తయారు చేసుకున్నది, దాన్ని వదిలేయండి. మీ పెన్‌డ్రైవ్‌కు సీ అనో డీ అనో అక్షరం వచ్చి ఉండొచ్చు, పేరూ సైజూ చూసి గుర్తుపట్టండి. పేరు పక్కనున్న గుర్తును నొక్కుతూ లోపలికి వెళ్లి వీఎండీ ఫోల్డర్‌ను ఎంచుకుని ఓకే అనండి. ఈ కిటికీలో ఫోల్డర్లే కనిపిస్తాయి, ఫైళ్లు కనిపించవు. ఖాళీగా ఉందని వెనక్కి రావద్దు.

6. కాసేపు వెతికి, ఇంటెల్ ఆర్ఎస్‌టీ వీఎండీ కంట్రోలర్ అనే పేరు, పక్కన ఒక చిన్న కోడ్ చూపిస్తుంది. 11వ జనరేషన్ ల్యాప్‌టాప్‌లో ఆ కోడ్ 9ఏ0బీ, 12వ దాంట్లో 467ఎఫ్, 13వ దాంట్లో ఏ77ఎఫ్ అయి ఉంటుంది. ఎక్కువ పేర్లు వస్తే మీ జనరేషన్‌ది ఎంచుకోండి. నెక్స్ట్ నొక్కండి.

కింద ఉండే టిక్ మార్కును చాలామంది పట్టించుకోరు కానీ అది మంచి పరీక్ష. ఈ కంప్యూటర్‌కు సరిపడని డ్రైవర్లను దాచు అని దాని అర్థం. టిక్ ఉన్నప్పుడు జాబితా ఖాళీగా ఉండి, తీసేస్తే పేర్లు వస్తున్నాయంటే, మీరు తెచ్చింది వేరే జనరేషన్ డ్రైవర్. టిక్ తీసి బలవంతంగా దాన్నే ఎక్కించడం వల్ల ఏమీ ఒరగదు, రెండో మెట్టుకు తిరిగి వెళ్లండి. సైన్ చేసిన డ్రైవర్లు దొరకలేదు అనే సందేశం వస్తే ముందుగా ఫోల్డర్‌ను అనుమానించండి, లేదా ఫైలు ఇంకా విప్పలేదేమో చూడండి.

కొన్ని క్షణాల్లో డిస్క్ జాబితాలోకి వస్తుంది. 512 జీబీ డిస్క్ 476.9 అని, 1 టీబీ డిస్క్ 931.5 అని చూపిస్తే ఏదో తగ్గిందని బెంగపడకండి. కంపెనీ 1000తో లెక్క కడుతుంది, విండోస్ 1024తో కడుతుంది. అంతే తేడా. ఇప్పుడిచ్చిన డ్రైవర్ ఇన్‌స్టాల్ అయ్యే విండోస్‌లోకి కూడా వెళ్తుంది, మళ్లీ వేయనవసరం లేదు.

విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ నుంచి సెటప్ రూపం మారింది. కొత్త రూపంలో డ్రైవర్ ఎక్కించడం ఇబ్బంది పెడితే, సెటప్ ఆప్షన్ ఎంచుకోమనే స్క్రీన్‌లో కింద మూలన పాత సెటప్‌కు వెళ్లే లింకు ఉంటుంది. దాన్ని నొక్కితే అలవాటైన పాత స్క్రీన్‌లు వస్తాయి.

ఇంకో మాట. సెటప్ మొదలైన వెంటనే, ఇన్‌స్టాల్ నొక్కగానే, కంప్యూటర్‌కు కావలసిన మీడియా డ్రైవర్ లేదు అని వస్తే అది ఈ సమస్య కాదు. ఎక్కువగా పెన్‌డ్రైవ్ సరిగా తయారు కాకపోవడం, లేదా యూఎస్‌బీ పోర్టుతో పేచీ వల్ల వస్తుంది. పోర్టు మార్చి చూడండి, తర్వాత మైక్రోసాఫ్ట్ ఇచ్చే మీడియా క్రియేషన్ టూల్‌తో పెన్‌డ్రైవ్‌ను మళ్లీ తయారు చేయండి.

వీఎండీ ఆపేసే పద్ధతి

ఇంకో కంప్యూటర్ దొరకనప్పుడు, లేదా డ్రైవర్ ఎంతకీ పట్టనప్పుడు ఇది దగ్గర దారి. ఒకే ఒక్క ఎస్ఎస్‌డీ ఉన్న ఇంటి ల్యాప్‌టాప్‌లో వీఎండీ ఆపితే వేగం తగ్గుతుందని భయపడాల్సింది లేదు. రెయిడ్ (ఒకటికి మించిన డిస్క్‌లను కలిపి వాడే ఏర్పాటు) పెట్టుకున్నవాళ్లు మాత్రం దీన్ని ముట్టుకోకూడదు.

ఏసుస్‌లో ఎఫ్7తో అడ్వాన్స్‌డ్ మోడ్‌లోకి వెళ్తే, అడ్వాన్స్‌డ్ పేజీలో వీఎండీ సెటప్ మెనూ ఉంటుంది. అందులో కంట్రోలర్‌ను డిసేబుల్ చేయండి. డెల్‌లో స్టోరేజ్ కింద సాటా, ఎన్‌వీఎంఈ ఆపరేషన్ అని ఉంటుంది, రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐ, ఎన్‌వీఎంఈ అనే దానికి మార్చండి. లెనోవోలో మోడల్‌ను బట్టి కాన్ఫిగరేషన్ పేజీలో దొరుకుతుంది. ఏసర్‌లో ఎంత వెతికినా కనిపించదు, ఎందుకంటే దాచి ఉంచారు. మెయిన్ పేజీలో ఉండగా కంట్రోల్, ఎస్ కీలు కలిపి నొక్కితే వీఎండీ కంట్రోలర్ అనే వరుస బయటికి వస్తుంది. ఏసర్ ఆస్పైర్, నైట్రో వాడేవాళ్లకు ఈ చిట్కా చాలా పనికొస్తుంది. హెచ్‌పీ ఇంటి మోడళ్లలో చాలావాటికి ఈ ఆప్షనే ఉండదు, డ్రైవర్ ఒక్కటే మార్గం. మార్చాక ఎఫ్10తో సేవ్ చేసి బయటికి రండి.

డిస్క్‌లో పాత విండోస్ ఉండి, అది మీకు ఇంకా కావాలంటే మాత్రం ఊరికే మార్చేయకండి. బూట్ డివైజ్ అందడం లేదంటూ విండోస్ ఎర్రర్ స్క్రీన్‌తో ఆగిపోతుంది. డేటా ఏమీ పోదు, సెట్టింగ్‌ను పాత స్థితికి తెస్తే మళ్లీ తెరుచుకుంటుంది. నిజంగానే మార్చాలంటే ముందు విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ అనే సెట్టింగ్స్ టూల్ తెరిచి, బూట్ పేజీలో సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్ చేస్తూ బయోస్‌లోకి వెళ్లి మార్చండి. సేఫ్ మోడ్‌లో ఒకసారి తెరుచుకున్నాక ఆ టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్ చేయాలి. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు, అకౌంట్ అసలు పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ముందే చూసుకోండి.

బయోస్‌లో కూడా లేకపోతే

ఇప్పుడు మూత తీయాలి. వారంటీలో ఉన్న ల్యాప్‌టాప్ అయితే తీయకుండా కంపెనీ సర్వీస్‌కు ఇవ్వడమే మేలు. మీరే చేస్తానంటే పూర్తిగా షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసేసి, మూత తీయగానే బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. ఏదైనా లోహపు వస్తువును ఒకసారి తాకితే ఒంట్లోని స్టాటిక్ పోతుంది.

ఎం.2 ఎస్ఎస్‌డీ అంటే చూయింగ్ గమ్ బిళ్లలా ఉండే సన్నని పలక. 2280 అని రాసి ఉంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు అని అర్థం. స్క్రూ తీయగానే అది కాస్త పైకి లేస్తుంది. బయటికి లాగి, బంగారు రంగు కాళ్లను పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, ఏటవాలుగా పట్టుకుని మళ్లీ లోపలికి తోయండి. కాళ్లు దాదాపు పూర్తిగా లోపలికి దిగిపోవాలి, సగం బయట కనిపిస్తుంటే సరిగా కూర్చోలేదన్నమాట. తర్వాత కిందికి వంచి స్క్రూ బిగించండి. ల్యాప్‌టాప్ కింద పడిన తర్వాతో, ర్యామ్ మార్పించిన తర్వాతో డిస్క్ మాయమైతే ముందు ఇదే చేయండి.

కొత్తగా కొన్న ఎస్ఎస్‌డీ కనిపించకపోతే రకం చూడండి. ఎం.2 ఆకారంలోనే సాటా రకమూ ఉంది, ఎన్‌వీఎంఈ రకమూ ఉంది. కాళ్ల వరుసలో రెండు గంట్లు ఉంటే సాధారణంగా సాటా, ఒకటే ఉంటే సాధారణంగా ఎన్‌వీఎంఈ. కొన్ని స్లాట్లు రెండిటిలో ఒకదాన్నే తీసుకుంటాయి. స్లాట్‌లో చక్కగా దూరినా పనిచేయకపోవడానికి ఇదే కారణం. కొనే ముందే మీ మోడల్ మాన్యువల్ చూసుకోండి.

డెస్క్‌టాప్‌లో ఇంకా తేలిక. సాటా డేటా కేబుల్ మార్చండి, మదర్‌బోర్డులో వేరే పోర్టుకు పెట్టండి, పవర్ కేబుల్ వేరేది ఇవ్వండి. కొన్ని మదర్‌బోర్డుల్లో ఎం.2 స్లాట్‌లో ఎస్ఎస్‌డీ పెట్టగానే ఒకటో రెండో సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి. ఏవి ఆగుతాయో మాన్యువల్‌లో ఉంటుంది. సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్లో కేబుల్ చవకగానే దొరుకుతుంది, కొత్త డిస్క్ కొనేముందు అది మార్చి చూడండి. పవర్ సప్లైకి ఊడదీసి పెట్టే కేబుళ్లు ఉంటే మాత్రం, ఇంకో కంపెనీ పవర్ సప్లై కేబుల్‌ను దానికి వాడకండి. చివరలు సరిపోయినట్టే ఉంటాయి కానీ లోపలి వైర్ల వరుస వేరుగా ఉండొచ్చు, డిస్క్ కాలిపోతుంది.

పాత తిరిగే హార్డ్ డిస్క్ అయితే చెవి దగ్గర పెట్టి వినండి. టక్ టక్ అని ఆగి ఆగి చప్పుడు వస్తుంటే వెంటనే కరెంటు తీసేయండి. ఆన్ చేసిన ప్రతిసారీ లోపలి పలకలు ఇంకా గీసుకుపోయే ప్రమాదం ఉంటుంది. డేటా ముఖ్యమైతే దాన్ని డేటా రికవరీ చేసేవాళ్లకే ఇవ్వాలి, ఇంట్లో ఇక ఏ ప్రయోగమూ వద్దు. చప్పుడు లేదు, తిరుగుతున్న స్పర్శ కూడా లేదంటే డిస్క్‌కు కరెంటు అందడం లేదు, లేదా దాని బోర్డు పోయింది. ఇంకో కంప్యూటర్‌కు పెట్టి చూస్తే తేలిపోతుంది.

డిస్క్ కనిపిస్తోంది, కానీ విండోస్ వేయనివ్వడం లేదు

పాత డిస్క్‌లో ఎంబీఆర్ పట్టిక (డిస్క్‌లోని భాగాల లెక్క రాసుకునే పాత పద్ధతి) ఉంది, జీపీటీ (కొత్త పద్ధతి) ఉంటేనే వేస్తాను అని సెటప్ మొరాయిస్తే, షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కీ కూడా కలపాలి. నల్ల కిటికీ వస్తుంది. అందులో ఇంగ్లిష్ అక్షరాల్లో డిస్క్‌పార్ట్ అని ఒకే మాటగా కొట్టి ఎంటర్ నొక్కండి. తర్వాత లిస్ట్ డిస్క్. సైజులు చూసి మీ డిస్క్ నంబరు గుర్తించండి. పెన్‌డ్రైవ్ కూడా ఈ జాబితాలో ఉంటుంది, ఒక్కోసారి 0 నంబరు దానికే రావచ్చు. అందుకే సైజు చూడకుండా ముందుకు వెళ్లొద్దు. మీది 1 అనుకుంటే సెలెక్ట్ డిస్క్ 1, తర్వాత క్లీన్, తర్వాత కన్వర్ట్ జీపీటీ.

క్లీన్ కొట్టగానే ఖాయమేనా అని అడగదు. డిస్క్‌లోని పార్టిషన్లన్నీ ఒక్క క్షణంలో పోతాయి, సీ డ్రైవ్ మాత్రమే కాదు, డీ, ఈ అన్నీ పోతాయి. డెస్క్‌టాప్‌లో డేటా ఉన్న రెండో డిస్క్ ఉంటే, ఈ పనికి ముందు దాని కేబుల్ తీసి పక్కన పెట్టండి. ఇన్‌స్టాల్ అయ్యాక మళ్లీ పెట్టుకోవచ్చు.

ఏఎండీ, ఉబుంటు వాడేవాళ్లకు

ఏఎండీ మెషీన్లలో వీఎండీ ఉండదు. బయోస్‌లో రెయిడ్ మోడ్ పెట్టి ఉంటేనే డ్రైవర్ అడుగుతుంది. రెయిడ్ అక్కర్లేకపోతే ఏహెచ్‌సీఐకి మార్చండి, కావాలంటే ఏఎండీ రెయిడ్ డ్రైవర్ ప్యాకేజీలో ఉన్న మూడు డ్రైవర్లను వరుసగా ఎక్కించాలి: ముందు బాటమ్, తర్వాత రెయిడ్, చివర కాన్ఫిగ్.

ఉబుంటు లినక్స్‌కు వీఎండీ డ్రైవర్ దాని కెర్నల్‌లోనే (ఓఎస్ మూల భాగంలోనే) ఉంది, కాబట్టి సాధారణంగా డిస్క్ కనిపిస్తుంది. పాత ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో రెయిడ్ మోడ్ ఆన్‌లో ఉంటే మాత్రం ఎన్‌వీఎంఈ డిస్క్ దాక్కుంటుంది, ఆర్ఎస్‌టీ ఆపమని ఇన్‌స్టాలర్ ఆగిపోతుంది. అక్కడ డ్రైవర్ ఇచ్చే దారి లేదు, బయోస్‌లో ఏహెచ్‌సీఐకి మార్చాల్సిందే. పక్కనే విండోస్ ఉంటే పైన చెప్పిన సేఫ్ బూట్ పద్ధతిలో మార్చండి.

డిస్క్ వచ్చాక ఇంకో మలుపు

ఇన్‌స్టాల్ పూర్తయి, దేశం, కీబోర్డు అడిగాక విండోస్ 11 ఇంటర్నెట్ కనెక్షన్ అడుగుతుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో వైఫై డ్రైవర్ కూడా సెటప్‌లో ఉండకపోవచ్చు, నెట్‌వర్క్‌ల జాబితా కూడా అలాగే ఖాళీగా వస్తుంది. ముందే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోమన్నది ఇందుకే. కొత్త వెర్షన్లలో ఆ స్క్రీన్ మీదే ఇన్‌స్టాల్ డ్రైవర్ అనే బటన్ ఉంటుంది, అది నొక్కి వైఫై డ్రైవర్ ఫోల్డర్ చూపించండి. మర్చిపోయినా ఫర్వాలేదు, ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే చాలావరకు ఇంటర్నెట్ వచ్చేస్తుంది.

డెస్క్‌టాప్ తెరుచుకున్నాక విండోస్ అప్‌డేట్ ఒకసారి పూర్తిగా నడపండి, మిగతా డ్రైవర్లు అదే దించుకుంటుంది. తర్వాత డివైజ్ మేనేజర్‌లో పసుపు గుర్తులేమైనా మిగిలాయేమో చూడండి. కొత్త విండోస్‌కు బిట్‌లాకర్ కొత్త కీ తయారై ఉంటుంది, పాతది ఇక పనిచేయదు, కాబట్టి కాగితం మీద ఆ 48 అంకెలను మళ్లీ రాసుకోండి. ఆర్ఎస్‌టీ, వైఫై డ్రైవర్ల ఫోల్డర్లను పెన్‌డ్రైవ్‌లోంచి తీసేయకుండా అలాగే ఉంచండి, ల్యాప్‌టాప్ మోడల్ పేరు దాని మీద స్టిక్కర్ వేసి రాసి పెట్టుకోండి.